మందు కంటె ముందు మనిషి

"గుండె దడదడలాడుచున్నది. నిద్ర పట్టుట లేదు. ఏదో కీడు జరుగబోవుచున్నదని ఊరక భయము." ఈ మూడు మాటలు వినబడని దినము ఏ వైద్యశాలలోను నేడు లేదు. పట్టణములలోనే గాదు, పల్లెలలోను ఇదే పరిస్థితి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. అందులో కుంగుబాటు, ఆందోళన, మత్తు అలవాట్లు అను వానిదే సింహభాగము. లోకము పిచ్చి అని పిలుచు తీవ్రవ్యాధులు కొద్దిపాటివే. వంట చేయుచు, పొలమునకు పోవుచు, ఉద్యోగము వెలగబెట్టుచు, లోలోపల వణకుచున్నవారే ఎక్కువ.

ఇట్టి రోగి ముందు నేడు మూడు దారులున్నవి. మొదటిది వీధి చివర మెడికల్ షాపు. పక్కింటివారికి పనిచేసిన మాత్ర పేరు చెప్పి ఒక స్ట్రిప్పు తెచ్చుకొనును. రెండవది పెద్ద ఆసుపత్రి. అచ్చట రెండు నిమిషములలో చీటీ చేతికి వచ్చును. మూడవది మన ఆయుర్వేద వైద్యశాల. ఇచ్చట ఒక అరిష్టము సీసా, ఒక చూర్ణము పొట్లము దొరకును. మూడు దారులలోను లోపించినది ఒక్కటే: రోగి పక్కన కూర్చుండి, అడిగి, చూచి, వ్రాసికొను మనిషి. అట్టి మనిషి లేకుండ భయరోగికి ఇచ్చు మందు, అది ఏ శాస్త్రమునకు చెందినదైనను, సగము వైద్యమే యగును. ఒక్కొక్కప్పుడు అపాయము కూడ తెచ్చును. ఈ దోషము ఇతరులలో ఎంత యున్నదో మన వర్గమునను అంతయే యున్నది గనుక, పాఠకులకును, తోటి వైద్యులకును ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

అభీరుత్వము లేని రోగి

చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలెను. రోగికి స్మృతి, చెప్పినట్లు నడచుకొనుట, అభీరుత్వము, తన బాధను తెలియజెప్పగల శక్తి ఉండవలెను. అభీరుత్వమనగా భయము లేకుండుట.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. చిత్తోద్వేగముతో బాధపడువానికి వ్యాధియే భయము. అనగా చికిత్సకు అతడు తేవలసిన నాలుగు గుణములలో ఒకటి వ్యాధి చేతనే హరింపబడినది. మిగిలిన మూడును కుంటుపడియే యుండును. భయము ముదిరినపుడు చెప్పిన మాట తలకెక్కదు. ఉదయము చెప్పిన పథ్యము సాయంత్రమునకు గుర్తుండదు. బాధ చెప్పుమనిన కొందరు గంటసేపు చెప్పుదురు గాని అసలు మాట చెప్పరు. కొందరు "ఏమీ లేదండి" అని తల వంచుకొందురు. నాలుగు కాళ్ళ మంచమునకు ఒక కాలు విరిగినపుడు ఆ బరువు మిగిలిన మూడింటి మీద పడును. వైద్యుడు దినమునకు కొన్ని నిమిషములే కనబడును. ఔషధము మాటలాడదు. కాగా ఆ బరువంతయు పరిచారకుని భుజముపైననే పడుచున్నది.

వైద్యుడే నాలుగు పాదములలో ప్రధానుడని ఆ అధ్యాయమే చెప్పినది కదా యని కొందరు వాదింపవచ్చును. నిజమే. అయితే ప్రధానుడైన వైద్యుడు పరిచారకుని చూపును ఆధారముగా చేసికొనియే నిర్ణయము చేయవలెను. సుశ్రుతుడు పరిచారకుడు అలసట యెరుగనివాడై, రోగియెడ ఏవగింపు లేనివాడై, రోగిని కాపాడుటయందు మెలకువ గలవాడై యుండవలెనన్నాడు. చరకసంహిత పదునైదవ అధ్యాయమున వైద్యశాలను ఏర్పరచు విధానము చెప్పుచు, కథలు, పురాణములు, పాటలు తెలిసినవారిని, ఎదుటివారి అభిప్రాయమును గ్రహింపగలవారిని రోగి చెంత నుంచవలెనని విధించినది. వారు వినోదము కొరకు మాత్రమే నియమింపబడినవారు కారు. నోరు తెరచి చెప్పలేని రోగి మనసు గ్రహించుట వారి పని. నేటి వైద్యశాలలో ఆ పని నర్సుది.

గురుకులమున మాకు ఖల్వము ముట్టుకొనుటకు ముందు రోగి సేవ నేర్పినారు. రాత్రి రోగి ఎన్నిమారులు లేచినాడు, ఏ జామున చెమట పట్టినది, ఎవరు వచ్చి పోయిన తరువాత అన్నము ముట్టలేదు, ఈ ప్రశ్నలకు ఉదయము మా గురువుగారికి సమాధానము చెప్పవలసి యుండెడిది. "తెలియదు" అనిన శిష్యునకు ఆనాడు పాఠము లేదు. అది మందలింపు కాదు, అదియే పాఠమని తరువాత గ్రహించితిమి.

పరిశీలన అనగా నేమి?

దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు విధముల పరీక్ష మనకు కొత్త కాదు. నర్సింగు శాస్త్రము కూడ ఈ విషయమున చాల శ్రద్ధ వహించినది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన గ్రంథములో రోగిని గమనించుట అను అంశమునకు ఒక అధ్యాయమునే కేటాయించినది. 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అను అమెరికా నర్సు, నర్సునకు రోగికి నడుమ గల సంబంధమే చికిత్సలో భాగమని ప్రతిపాదించినది. ఆందోళనను ఆమె నాలుగు మెట్లుగా విభజించినది. స్వల్పము, మధ్యమము, తీవ్రము, చివరిది విభ్రాంతి.

ఈ విభజన ఆచరణలో ఎంతో ఉపకరించును. స్వల్పముగా ఉన్నపుడు రోగి చక్కగా వినును, నేర్చుకొనును. మధ్యమమున ఎదురుగా నున్న ఒక్క విషయమునే పట్టుకొనగలడు. తీవ్రమున చెప్పినది చెవిని బడినను మనసున బడదు. విభ్రాంతి యందు ఊపిరి అందక, ప్రాణము పోవుచున్నదని తలచి, ఎటు పరుగెత్తునో తెలియదు. ఈ చివరి రెండు మెట్లలోనున్నవానికి మందు ఎట్లు వాడవలెనో వివరించుట వృథా. ఆ సమయమున వానిని ఒంటరిగా విడువరాదు. గుంపును పంపివేసి, చిన్న చిన్న మాటలతో, నెమ్మదియైన గొంతుతో "నేనిక్కడనే యున్నాను" అని చెప్పుచు కూర్చుండవలెను. మందుల వివరణ మరునాటికి వాయిదా వేయవలెను.

కొలతలకు సాధనములు కూడ కలవు. 1959లో మాక్స్ హామిల్టన్ 14 అంశములతో ఒక పట్టిక కూర్చినాడు. 2006లో వచ్చిన ఏడు ప్రశ్నల పట్టిక మరింత సులభము. గడచిన రెండు వారములలో ఏ బాధ ఎన్ని దినములు కలిగినదో అడిగి, ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుండి మూడు వరకు మార్కులు వేయుదురు. మొత్తము 21. పది దాటినచో శ్రద్ధగా పరిశీలింపవలసిన స్థితి యని అర్థము. ఈ పట్టికను మన వైద్యశాలలో వాడినంత మాత్రమున మన శాస్త్రమునకు వచ్చిన లోటు లేదు. నాడిని పట్టిన చేతితోనే పట్టిక కూడ నింపవచ్చును. నేడు పదునాలుగున్నది నెలకు ఎనిమిదికి వచ్చినచో చికిత్స దారిలో నున్నదని రోగికే కనబడును. ఆ కనబడుట కూడ ధైర్యము నిచ్చును.

అయితే పట్టిక అన్నిటిని అడుగదు. నర్సు గాని, ఇంటి మనిషి గాని తప్పక తెలిసికొనవలసినవి మరికొన్ని కలవు. నాడి, శ్వాస, బీపీ ఎంత? నిద్ర ఎన్ని గంటలు? బరువు తగ్గినదా? దినమునకు కాఫీ, టీలు ఎన్ని? బీడీ, చుట్ట, మద్యము, కల్లు అలవాటున్నదా? ఇంట చావు, అప్పు, పెండ్లి, పరీక్ష వంటి దేదైనను వచ్చినదా? ఇప్పటికే వాడుచున్న మందులేవి? ఈ కడపటి ప్రశ్నకు నోటిమాట చాలదు. సంచీలోని మాత్రలన్నియు బల్లమీద పెట్టించి చూడవలెను.

ఇంకొక ప్రశ్నను అడుగుటకు అందరును జంకుదురు. "బ్రతుకు మీద విరక్తి కలిగినదా? ప్రాణము తీసికొనవలెనని అనిపించుచున్నదా?" అడిగినచో లేని ఆలోచన పుట్టునేమో యని భయము. అడుగుటవలన ఆ ఆలోచన పుట్టదు. ఏకాంతమున, ఆదరముతో అడిగిన వారికి చాలమంది రోగులు నిజము చెప్పి గుండెబరువు దించుకొందురు. అవునని చెప్పినవానిని ఒంటరిగా ఉంచరాదు. మాత్రలు, పురుగుమందులు అందుబాటులో ఉంచరాదు. ఆలస్యము లేకుండ మానసిక వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

భయపు ముసుగులో వచ్చు ఇతర వ్యాధులు

పల్లెలలో దీనిని జడుపు అందురు, గాలి సోకినదందురు, తాయెత్తు కట్టించెదరు. పట్టణములలో "టెన్షను" అని ఒక్క మాటతో తేల్చివేయుదురు. రెండును ఒక్కటే: పేరు పెట్టి పరీక్ష మానుట.

దడ, చెమట, చేతుల వణకు, బరువు తగ్గుట, ఎండ ఓర్వలేకుండుట, ఇవి కలసి వచ్చినపుడు థైరాయిడ్ గ్రంథి అధికముగా పనిచేయుచున్నదేమో చూడవలెను. షుగరు వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడువానికి ఆకలివేళ అకస్మాత్తుగా వణకు, చెమట, గాభరా వచ్చినచో అది రక్తములో చక్కెర పడిపోవుట కావచ్చును. రక్తహీనత యున్న స్త్రీకి మెట్లెక్కిన దడ వచ్చును. ఉబ్బస రోగికి గొట్టముతో పీల్చు మందు వలననే చేతులు వణకవచ్చును. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగుట, చల్లని చెమట ఉన్నవానికి ఈసీజీ తీయకుండ "నీది భయమే" అని చెప్పు అధికారము ఎవ్వరికిని లేదు. దేహవ్యాధి లేదని తేల్చిన తరువాతనే మానస వ్యాధి మాట ఎత్తవలెను.

ఇంగ్లీషు మందుల సంగతి

ఈ మాత్రలను గురించి మన పత్రికలలో విషములని వ్రాయువారు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. మరొకవైపు వీనిని పిప్పరమెంట్ల వలె మ్రింగువారును కలరు. వారి స్థితి మరింత విచారకరము.

1960లో క్లోర్‌డయాజిపాక్సైడ్, 1963లో డయాజిపాం విపణికి వచ్చినవి. ఆల్ప్రజోలం, లోరాజిపాం, క్లోనాజిపాం ఆ కుటుంబములోనివే. ఇవి గంటలోపల భయమును అణచును. కొద్ది దినములు, వైద్యుని అదుపులో వాడినచో మేలు చేయును. నెలల తరబడి వాడినచో శరీరము వానికి అలవాటు పడును. జ్ఞాపకశక్తి మందగించును, మాత్ర వేసికొంటినో లేదో మరచి రెండవమారు వేసికొనువారు కలరు. అందుచేత రోగి చేతికి స్ట్రిప్పు ఈయక, పరిచారకుడే వేళకు ఒక్క మాత్ర యిచ్చి, మ్రింగువరకు చూచి, గుర్తు పెట్టవలెను. వృద్ధులు రాత్రి మూత్రమునకు లేచి తూలిపడి తుంటి యెముక విరుగగొట్టుకొందురు. మంచము పక్కన దీపము, ఆసరా ఉండవలెను. మద్యముతో కలసినచో శ్వాసయే మందగించును. 2014 నుండి ఆల్ప్రజోలం, డయాజిపాంలు హెచ్ 1 జాబితాలో చేర్చబడినవి. దుకాణదారుడు చీటీ చూచి, రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేక పుస్తకములో వ్రాసి, మూడేండ్లు భద్రపరుపవలెను. చట్టము ఇట్లుండ, చీటీ లేకయే అమ్ము దుకాణములు లేకపోలేదు.

సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రాం వంటివి మరియొక తెగ. ఇవి అలవాటు చేయు మత్తు మందులు కావు. వెంటనే పనిచేయవు, గుణము కనబడుటకు రెండు నుండి ఆరు వారములు పట్టును. మొదటి వారమున గాభరా కొంచెము పెరుగవచ్చును, కడుపులో వికారము కలుగవచ్చును. ఈ సంగతి ముందుగా చెప్పు నర్సు లేకపోవుట వలననే ఎందరో నాలుగవ దినముననే మందు మానివేయుచున్నారు. దడ తగ్గించు ప్రొప్రనలాల్ మాత్రను ఉబ్బస రోగికి ఈయరాదు. ఒక్క ప్రశ్న అడిగినచో తప్పిపోవు ప్రమాదమిది.

అన్నిటికంటె ముఖ్యమైనది: నెలల తరబడి వాడిన మాత్రను హఠాత్తుగా ఆపరాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై అధికారులు కఠినముగా వ్యవహరించినపుడు జరిగినది పాఠకులకు గుర్తుండవచ్చును. కల్లులో కలుపుచుండిన ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మత్తుమందులు ఒక్కసారిగా అందకపోవుటచే, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి ఎందరో వణకుతో, పిచ్చి ప్రేలాపనలతో, మూర్ఛలతో ఆసుపత్రులపాలైరి. వారు మందు తిని రోగులు కాలేదు, మందు హఠాత్తుగా ఆగి రోగులైనారు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాత్రలన్నిటి పైనను ఇట్టి హెచ్చరికనే ముద్రింపజేసినది.

ఈ సత్యము మన వర్గములో అందరికి తెలిసినట్లు లేదు. గోదావరి ప్రాంతపు ఒక గృహిణి ఆరేండ్లుగా ఆల్ప్రజోలం వాడుచుండెను. ఒక వైద్యుడు ఆమెకు చూర్ణము, ఘృతము ఇచ్చి, "ఆ విషపు మాత్రలు నేడే పారవేయు"మన్నాడు. ఆమె భక్తితో పారవేసినది. మూడవనాడు మూర్ఛలు వచ్చి పట్టణపు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. అచ్చటి వైద్యులు తిరిగి మాత్ర మొదలిడి, నెలల మీద కొంచెము కొంచెముగ తగ్గించు పద్ధతి నిర్ణయించిరి. ఆ దశలో ఆమె నా యొద్దకు వచ్చినది. నేను మాత్రల జోలికి పోలేదు. ఆ వైద్యులకు తెలిపి, వారి లెక్క ప్రకారమే తగ్గించుచు, అభ్యంగము, ఆహార నియమము జతచేసితిని. ఆమె కోడలికి ఒక నోటుబుక్కు ఇచ్చి, దినదినము నిద్ర, దడ, మాత్ర, భోజనము వ్రాయుమంటిని.

నెల తిరిగినప్పటికి ఆ పుస్తకము ఎవరును చెప్పని సంగతి చెప్పినది. దడ ప్రతి సోమవారము రాత్రి పెరుగుచున్నది, మంగళవారము మధ్యాహ్నము తగ్గుచున్నది. మంగళవారము ఉదయము వారపు వడ్డీ వసూలుకు మనిషి వచ్చును. కొడుకు చేసిన అప్పు అది, భర్తకు తెలియదు. ఆరేండ్లలో ఏ వైద్యుని చీటీలోను ఆ మాట లేదు. ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి, అప్పు తీర్చు దారి చూచుకొనిన తరువాత మాత్ర తగ్గించుట సులభమైనది. చరకుడు చెప్పిన సత్త్వావజయము, అనగా మనసును అహితమైన విషయముల నుండి మరలించుట, ఉపదేశములతోనే జరుగదు. ఆ అహిత విషయమేదో ముందు ఎవరైనను కనిపెట్టవలెను. ఇచ్చట కనిపెట్టినది పదవ తరగతి చదివిన కోడలు.

మన మందులకును ఇదే నియమము

చెట్టుమందు గనుక హాని లేదను మాట మనము మానవలెను. పనిచేయు మందు ఏదైనను తగనిచోట హాని చేయును.

సర్పగంధ చరిత్రయే చూడుడు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోసులు రక్తపోటునందు, ఉన్మాదమునందు దాని గుణమును ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్రాసిన వ్యాసముతో ప్రపంచము దృష్టి దానిపై పడినది. 1952లో దాని నుండి రిసర్పిన్ వేరుచేయబడినది. మన మూలికకు ఇంతకంటె గౌరవమేమి? అయితే ఆ మూలికయే రక్తపోటును అతిగా తగ్గింపగలదు, కుంగుబాటును తేగలదు. దిగులుతో నున్నవానికి నిద్ర కొరకని దీనిని ఇచ్చుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

పెన్నేరు గడ్డ, అనగా అశ్వగంధ, విషయమున 2012లో హైదరాబాదు వైద్యులు 64 మందిపై 60 దినములు పరీక్ష జరిపి, మానసిక ఒత్తిడి తగ్గినట్లు ప్రకటించిరి. సంతోషమే. కాని అశ్వగంధ థైరాయిడ్ స్రావమును పెంచగలదు. ఇంతకు ముందు చెప్పిన థైరాయిడ్ రోగిని భయరోగి యనుకొని అశ్వగంధ యిచ్చినచో నిప్పులో నెయ్యి పోసినట్లగును. అరుదుగా కాలేయమునకు హాని కలిగినట్లును నివేదికలు కలవు. గర్భిణులకు ఈయరాదు. సారస్వతారిష్టము పులియబెట్టిన మందు. అందులో సహజముగ పుట్టిన మద్యాంశముండును. నిద్రమాత్రలు వాడువానికి, త్రాగుడు మానిన వానికి అది ఇచ్చుటకు ముందు ఆలోచింపవలెను. బ్రాహ్మి, జటామాంసి, శంఖపుష్పి మృదువైనవే యైనను, మరియొక నిద్రమందుతో కలసినపుడు మగత పెంచునేమో చూచుచుండవలెను. చూచుట ఎవరి పని? మరల పరిచారకుని యొద్దకే వచ్చితిమి.

ఇంటిలోని పరిచారకులకు

మన దేశమున అధికశాతము రోగులకు నర్సు తల్లి, భార్య, కోడలు, కొడుకు. వారు చేయదగినవి కొన్ని చెప్పుచున్నాను.

"నీకేమీ లేదు, ఊరకే భయపడకు" అని ఎన్నడును అనరాదు. అది ధైర్యము చెప్పినట్లుండును గాని, రోగి చెవికి "నీవు అబద్ధమాడుచున్నావు" అని వినబడును. భయము వచ్చినపుడు పక్కన కూర్చుండి, నాలుగు లెక్కించునంతసేపు ఊపిరి తీసి, ఆరు లెక్కించునంతసేపు విడచునట్లు మీరును వారితో కలసి చేయుడు. ఆ వేళ ఊపిరి బంధించు కుంభకము వలదు.

రాత్రి పరుండబోవునపుడు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళు మర్దింపవలెను. వాతశమనమునకు, నిద్రకు పాదాభ్యంగము సాటిలేనిది. నూనె కాళ్ళతో నడచి జారిపడకుండ తుడిచివేయవలెను. మధ్యాహ్నము దాటిన తరువాత కాఫీ, టీలు మానవలెను. వేళకు భోజనము, వేళకు పడక. పాలలో జాజికాయ అరగదీసి త్రాగు అలవాటు మంచిదే, కాని చిటికెడు మించరాదు. ఎక్కువైనచో జాజికాయయే దడను, భ్రమను కలిగించును. ఇవి చికిత్సకు తోడు మాత్రమే. ఇవి చేయుచున్నామని వైద్యుడు వ్రాసిన మందు మానరాదు.

ఒక పుస్తకము పెట్టుడు. తేదీ, నిద్ర, దడ వచ్చిన వేళ, అంతకు ముందు జరిగిన సంగతి, వేసికొనిన మందు, ఈ అయిదు చాలును. ఏ వైద్యుని యొద్దకు పోయినను ఆ పుస్తకమును, అన్ని మందులను వెంట తీసికొనిపోవుడు. చెట్టుమందు వాడుచున్నట్లు ఇంగ్లీషు వైద్యునికి, మాత్ర వాడుచున్నట్లు ఆయుర్వేద వైద్యునికి దాచవలదు. తిట్టుదురేమోనని దాచు రోగులు కోకొల్లలు. తిట్టు వైద్యుని మార్చవచ్చును; దాచిన మందు వలన పోయిన ప్రాణము తిరిగి రాదు.

వైద్య సోదరులకు మనవి

హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల కలదు. ఆ పేటలోనే ఆయుర్వేద కళాశాలయు కలదు. ఎర్రగడ్డ అను పేరునే మనవారు ఎగతాళికి వాడుదురు. ఆ ఎగతాళి వలననే ఎందరో ఆ గడప త్రొక్కక మన గడప త్రొక్కుచున్నారు. మనలను నమ్మి వచ్చినవారి భారము మనదే. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆయుర్వేదమున మానసరోగములలో పట్టభద్రానంతర విద్య నభ్యసించిన వారిని మానసిక ఆరోగ్య నిపుణులలో చేర్చినది. గౌరవముతో పాటు బాధ్యతయు వచ్చినదని మరువరాదు.

కావున ప్రతి ఆయుర్వేద వైద్యశాలలోను శిక్షణ పొందిన నర్సు నొకరిని నియమింపవలెనని నా అభిప్రాయము. జీతము భారమగునని యందురు. అరిష్టముల బీరువాకు పెట్టిన ఖర్చులో కొంత మనిషికి పెట్టవచ్చును. దినమునకు వందమంది రోగులుండగా వ్యవధి యెక్కడిదని యందురు. వ్యవధి లేనిది వైద్యునికే గదా? రోగి వేచియున్న అరగంటలో ఆమె పదునైదు నిమిషములు కూర్చుండి అడిగి వ్రాసినచో, వైద్యుని రెండు నిమిషములకు ఆ కాగితము కన్ను లిచ్చును. పరిశీలన పత్రము నిండని భయరోగికి మందు వ్రాయరాదు. ఇతర వైద్యుడు ఇచ్చిన మాత్రను ఆ వైద్యునితో సంప్రదింపక ఆపుమని చెప్పరాదు. ఈ రెండు నియమములను మనకు మనమే విధించుకొనవలెను.

పెద్ద ఆసుపత్రులవారికిని ఒక మాట. మీ యొద్ద నర్సులున్నారు, చదువున్నది. కాని వారిని సూదులకు, సెలైను సీసాలకు, బిల్లు కాగితములకు కట్టివేసినారు. మానసిక నర్సింగు వారి పాఠ్యక్రమములో నున్నది, దానిని వినియోగింపనీయుడు. మంచము పక్కన కుర్చీ వేసి కూర్చున్న సిస్టరు పని మానినట్లు కాదు, పని మొదలిడినట్లు.

మందులు ఇంకను కొత్తవి వచ్చును. మూలికలపై పరిశోధనలును సాగును. అన్నియు మంచిదే. అయితే భయపడుచున్న మనిషికి మొదట కావలసినది తన మాట వినుటకు, తనకు తోడుగా కూర్చుండుటకు ఇంకొక మనిషి. ఆ మనిషి చూచి చెప్పిన మాటను బట్టి ఇచ్చినపుడే ఔషధము ఔషధమగును. ఈ పాదము విరిగియుండగా తక్కిన పాదములకు ఎంత బంగారుపూత పూసినను మంచము నిలువదు.